రీకాల్ అయిన గీజరు, రాని స్పేర్ పార్టు

ప్రశ్న: థర్మోస్టాట్‌లో లోపమని మా గీజరును కంపెనీ రీకాల్ చేసింది. బరంపురం సర్వీస్ సెంటరు రెండు నెలలుగా ‘పార్టు రాలేదు’ అంటోంది. ఏం చేయాలి?
– పాఠకురాలు, ఛత్రపూర్

జవాబు: ముందు ఆ గీజరు వాడటం పూర్తిగా మానేయాలి. థర్మోస్టాట్ పాడైతే నీళ్లు ఆగకుండా మరిగి, ట్యాంకులో ఒత్తిడి పెరిగి పేలే ప్రమాదం ఉంది. బయటి మెకానిక్‌తో వేరే పార్టు వేయించడమూ మంచిది కాదు. బాధ్యత తప్పించుకోవడానికి కంపెనీకి అదే సాకవుతుంది.

రీకాల్ అయినప్పుడు అందరికీ ఒకేసారి అదే పార్టు కావాలి, అందుకే కొరత. ఆ ఇబ్బంది కంపెనీది, కొన్నవారిది కాదు. వస్తువు మార్చమనో, డబ్బు వాపసు ఇమ్మనో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద కోరవచ్చు. నిర్బంధ నాణ్యతా ప్రమాణాలు పాటించని 2,265 ప్రెషర్ కుక్కర్లను వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వాలని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌ను ఆదేశించింది కూడా.

ఫోన్లో ఎన్నిసార్లు అడిగినా రుజువు మిగలదు. బిల్లు, సీరియల్ నంబరు కనిపించే ఫొటో, సర్వీస్ సెంటరు ఇచ్చిన జాబ్ కార్డు జతచేసి, 15 రోజుల గడువు పెట్టి కంపెనీకి ఈమెయిలు పంపాలి. జవాబు రాకపోతే జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయాలి. అక్కడా తేలకపోతే బరంపురంలోని గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను, సమస్య తలెత్తిన రెండేళ్లలోపు ఆశ్రయించాలి. వస్తువు ఖరీదు 5 లక్షల రూపాయల వరకు ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. ఈలోగా కుళాయి ముట్టుకున్నప్పుడు షాక్ కొడితే మాత్రం మెయిన్ ఆపి, వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.