నీ పేరు పిలిచినప్పుడు

జనగామ,
ఆదివారం రాత్రి.

అల్లుడూ,

మొన్న నీ ఫోన్ పెట్టేసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. భూపాలపల్లిలో దోస్తు ఇంట్లో దావత్, రాత్రి పదకొండింటికి రూముకు పోతుంటే చెకింగ్, గాలి ఊదిస్తే మిషన్‌లో 94, బండి స్టేషన్‌లో పెట్టుకుని కోర్టుకు రమ్మని నోటీసు. ఇదంతా చెప్పి చివర్న నువ్వన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "మామా, నువ్వు కోర్టులో చేసినోడివి గదా, ఎవరికన్నా ఒక మాట చెప్పరాదూ. మొదటిసారే గదా!" నీ గొంతులో భయం విని అప్పుడేమీ అనలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నా. నేనెవరికీ ఫోన్ చెయ్యను బిడ్డా. ఎందుకు చెయ్యనో ఈ ఉత్తరం పూర్తిగా చదివితే నీకే తెలుస్తుంది.

నా నౌకరి జనగామలో మొదలై, మానుకోటలో నడిచి, భూపాలపల్లిలో ముగిసింది. బెంచ్ క్లర్కుగా మూడు ఊళ్లలోనూ డ్రంకెన్ డ్రైవ్ ఫైళ్లు ఎన్ని కట్టానో లెక్క లేదు. కాబట్టి ముందు చట్టం సంగతి ఉన్నదున్నట్టు చెప్తా, భయపెట్టడానికీ కాదు, తేలిక చెయ్యడానికీ కాదు.

మోటారు వాహనాల చట్టంలో ఇది 185వ సెక్షన్. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ గీత 80 దగ్గర ఉంటుంది, మన దగ్గర 30కే గీశారు. స్కూటీకైనా, బొగ్గు టిప్పర్‌కైనా ఒకటే లెక్క. నీ 94 దానికి మూడింతలు దాటింది. మొదటిసారి దొరికినవాడికి 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019 సెప్టెంబర్ 1కి ముందు ఈ జరిమానా 2,000 దాటేది కాదు. మళ్లీ దొరికితే 2 ఏళ్ల దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. హెల్మెట్ చలానాలాగా ఫోన్‌లో కట్టి చేతులు దులుపుకునేది కాదిది. మేజిస్ట్రేటు గారి ముందు నిలబడాల్సిందే. జైలా, జరిమానానా, ఎంత అన్నది ఆయన నిర్ణయం.

డబ్బు కంటే పెద్ద దెబ్బ లైసెన్సుకు. ఈ నేరం రుజువైతే కనీసం 6 నెలలు బండి నడపడానికి అనర్హుడని కోర్టు ప్రకటించాలని అదే చట్టంలోని 20వ సెక్షన్ చెప్తుంది. ఆ ఆరు నెలల్లో "పక్క గల్లీకే గదా" అని కిక్ కొట్టావా, అది మళ్లీ వేరే నేరం. దానికి 3 నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. రూము నుంచి ఆఫీసుకు నడిచిపో, షేర్ ఆటో ఎక్కు. బండి జోలికి మాత్రం పోకు.

ఇక నువ్వు అడగకుండా మింగేసిన భయం. కానిస్టేబుల్ నోటిఫికేషన్ కోసం రెండేళ్లుగా పొద్దున్నే గ్రౌండ్‌కు పోయి పరుగెత్తుతున్నావు. ఇప్పుడీ కేసు ఆ నౌకరిని మింగేస్తుందా అని. రేపు సెలెక్టయితే అటెస్టేషన్ ఫారం ఇస్తారు. నీ మీద కేసులేమైనా ఉన్నాయా, శిక్ష పడిందా అని అందులో అడుగుతారు. అక్కడ "లేదు" అని రాసిన పిల్లల బతుకులు ఎలా చెదిరాయో చూశాను. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. చిన్న వయసులో చేసిన చిన్న తప్పయితే దాన్ని పట్టించుకోకుండా వదిలేసే వీలు నౌకరి ఇచ్చేవాళ్లకు ఉంది. దాచిపెట్టడం మాత్రం నౌకరికే ఎసరు తేవచ్చు. నీ తప్పు చిన్నదో పెద్దదో తేల్చేది వాళ్లు. దాచకుండా రాయడం ఒక్కటే నీ చేతిలో ఉంది. ఈ రోజు నేను ఫోన్ చేసి కేసు మాయం చేయిస్తే, దాచడమే నీకు నేర్పినవాణ్నవుతా.

నువ్వన్నావే, "మొదటిసారే గదా" అని. ఆ మాట గురించి నీకొకటి చెప్పాలి.

మానుకోటలో ఉండగా ఒక ఫైలు నా చేతి మీదుగా పోయింది. కేసముద్రం మార్కెట్‌లో మిర్చి అమ్ముకుని మోపెడ్ మీద ఇంటికి పోతున్న రైతును వెనకనుంచి బైక్ గుద్దింది. బైక్ నడిపిన పిలగాడు తాగి ఉన్నాడు. ఇరవై నాలుగేళ్లు, అచ్చం నీ ఈడు. చనిపోయినాయన జేబులో దొరికినవి ఒక కవరులో పెట్టి కోర్టుకు పంపారు. నంబరు చీటీ అంటించాల్సింది నేను. కవరు విప్పితే నాలుగు మడతలు పెట్టిన తక్‌పట్టీ ఉంది. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, క్వింటాలుకు ఎంత ధర, హమాలీ ఎంత, చేతికొచ్చేది ఎంత, అన్నీ నీలి సిరాతో రాసి ఉన్నాయి. మడత దగ్గర రక్తం ఎండిపోయి కాగితం అతుక్కుపోయింది. మెల్లగా విప్పుతుంటే చివరి అంకె ఉన్న చోటే చిరిగింది. ఆయన ఏడాది కష్టం ఎంతకు తెగిందో నాకు కనపడలేదు. ఆ కాగితానికి నంబరు వేసి లోపల పెట్టాను గానీ, ఆ రోజు అన్నం సయించలేదు.

ఆ పిలగాడి తరఫు వకీలు కోర్టుకు చెప్పుకున్నది కూడా అదే మాట. మొదటి తప్పండీ, ఇంతకుముందు ఏ కేసూ లేదండీ అని. నిజమే, లేదు. అప్పటిదాకా ఎన్నిసార్లు తాగి నడిపాడో, ఎన్నిసార్లు దొరక్కుండా ఇల్లు చేరాడో ఏ రికార్డులో ఉంటుంది? నువ్వూ మనసు మీద చెయ్యి వేసుకుని చెప్పు. నీకు మొన్నటిది మొదటిసారి తాగి నడపడమా, మొదటిసారి దొరకడమా?

కర్నూలు దగ్గర చిన్నటేకూరులో 2025 అక్టోబర్ 24న జరిగింది నువ్వూ టీవీలో చూశావు. తాగి బండెక్కినవాడు రోడ్డు మీద పడి చనిపోయాడు. బండి అక్కడే పడి ఉంది. వెనక హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు ఆ బండిని ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి. నిద్రలో ఉన్నవాళ్లు, 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఆ తర్వాతే హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్ తాగి బండి నడిపేవాళ్లను ఉగ్రవాదులతో పోల్చారు. మాట పెద్దదని కొందరన్నారు. తక్‌పట్టీ విప్పిన నాకు పెద్దదనిపించలేదు. అక్కడ కూడా అంతకుముందు ఉన్నది టూ వీలర్, ఇద్దరు దోస్తులు, ఒక రాత్రి. నీ దావత్ రాత్రికీ దానికీ ఎంత తేడా చెప్పు? నీకు ఎదురుపడింది పోలీసు, అంతే. గని నుంచి చెల్పూరు వైపు పోయే బొగ్గు టిప్పర్ల మధ్యలోంచి పోతున్న నిన్ను ఆపిన చెయ్యి అది. అందుకే అంటున్నా, దొరకడం నీకు జరిగిన మేలు.

నీకు తట్టని సంగతి ఇంకొకటుంది. ఆ బండి మీ అమ్మ పేరు మీద ఉంది. మొన్న నువ్వెవరినైనా గుద్దితే కేసు నీ మీద, పరిహారం బరువు ఆమె మీద. తాగి నడిపినట్టు తేలితే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు ముందు కట్టినా, ఆ డబ్బు బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని తీర్పులు వస్తాయి. అక్కకున్నది ఆ రెండెకరాలే. ప్రాణం పోయి ఉంటే 185తో ఆగదు. భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో చావుకు కారణమైతే 5 ఏళ్ల దాకా, ప్రాణం పోవచ్చని తెలిసి చేశాడని తేలితే 10 ఏళ్ల దాకా జైలు.

మజ్జిగ తాగాను, నిమ్మరసం తాగాను, దిగిపోయింది అనుకోకు. లివర్ తన పని తాను చేసుకోవాలి. గంటకు సుమారు 15 మిల్లీగ్రాములే అది దించగలదు. నీ 94 మళ్లీ 30కి రావాలంటే నాలుగు గంటలు పైనే పడుతుంది. అర్ధరాత్రి దాకా తాగినవాడు పొద్దున స్నానం చేసి బయల్దేరినా లోపల ఇంకా ఉండొచ్చు. ఆర్టీసీ డిపోలో డ్యూటీ ఎక్కే డ్రైవర్‌తో పొద్దున పూటే గాలి ఊదించేది అందుకే. దావత్‌కు పోవద్దని నేననను. తాగేది ఉంటే బండి తాళం రూములో వదిలి పో. లేదా ఆ రాత్రి అక్కడే చాప వేసుకుని పడుకో. "నేను బాగానే ఉన్నా" అని నీకు అనిపించడం లెక్కలోకి రాదు బిడ్డా. ఆ ఫైళ్లలో ఉన్నవాళ్లందరూ బాగానే ఉన్నాననుకునే బయల్దేరారు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తా. ముందు మీ అమ్మకు నువ్వే చెప్పు. ఎవరో మానుకోట పోయి చెప్పేదాకా ఆగకు. పోలీసులు కౌన్సెలింగ్‌కు ఇంటివాళ్లలో ఒకరిని తీసుకురమ్మంటే నేనొస్తా. లైసెన్స్, ఆర్సీ, ఆధార్, నోటీసు ఒక కవరులో పెట్టుకో. వాయిదా తేదీ ఎగ్గొట్టకు, ఎగ్గొడితే వారెంట్ వస్తుంది. మిషన్ తప్పు చూపించిందని నీకు నిజంగా అనిపిస్తే వకీలును పెట్టుకుని ఆ మాట కోర్టులోనే చెప్పు, అది నీ హక్కు. అట్లా కాకపోతే తప్పు ఒప్పుకో. వంకలు చెప్పకు. జరిమానా నీ జీతంలోంచే కట్టు, నేనూ ఇవ్వను, అమ్మనూ అడగకు. ఆరు నెలలు ఆటోలో పోతున్నప్పుడల్లా గుర్తుండాలి.

వాయిదా రోజు పొద్దున మొదటి బస్సుకు హనుమకొండ వచ్చి, పరకాల మీదుగా పదింటికల్లా భూపాలపల్లి కోర్టు దగ్గర ఉంటా. ఖాళీ కడుపుతో రాకు, ఏదైనా టిఫిన్ చేసి రా. అక్కడ చాలాసేపు నిలబడాలి. నేను లోపల వెనక బెంచీ మీద కూర్చుంటా. ఎవరితోనూ మాట్లాడను. నీ పేరు పిలిచినప్పుడు తల దించుకోకు. ముందుకు నడిచి, మేజిస్ట్రేటు గారికి దండం పెట్టి, చేసింది చేశానని చెప్పు. తర్వాత ఇద్దరం బస్సెక్కి మీ అమ్మ దగ్గరికి పోదాం.

ఇట్లు,
నీ మేలు కోరే
మామ.