కొత్త ధ్వనికి తెలిసిన రాగం తోడు

ప్రశ్న: అరుదైన సంగీతం వెతికి వినడం నాకిష్టం. మిత్రులకు వినిపిస్తే నిమిషంలోపే ఆపేస్తున్నారు. వారికి రుచి తెలిసేదెలా?

జవాబు: ఒకేసారి పది పాటలు పంపకండి, ఒక్కటి చాలు. దాన్ని వారికి తెలిసినదానితో ముడిపెట్టండి. ఉదాహరణకు చరణ్‌జిత్ సింగ్ 1982 నాటి ఆల్బమ్ ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’. బొంబాయి సినిమా పాటలకు వాయించిన ఈ కళాకారుడు రోలాండ్ సింథసైజర్లు, డ్రమ్ మెషిన్‌తో పది హిందుస్తానీ రాగాలు పలికించారు. అప్పట్లో అది పెద్దగా ఎవరికీ పట్టలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక శ్రోతలు విస్తుపోయారు. 1987లో చికాగో నుంచి వచ్చిన ‘యాసిడ్ హౌస్’ అనే నృత్య సంగీతాన్ని పోలిన ధ్వని అందులో అప్పటికే ఉంది!

కర్ణాటక సంగీతం వినే మిత్రుడికైతే ముందు ఈ ఆల్బమ్‌లోని భూపాలీ వినిపించండి; దాని స్వరాలు మన మోహనానివే. తర్వాత మాల్కౌంస్, అది మన హిందోళం. తెలిసిన స్వరాలు చెవిన పడితే కొత్త వాద్యం బెదరగొట్టదు.

వెనకున్న కథ రెండు మాటల్లో చెప్పండి. వీలైతే పక్కన కూర్చుని కలిసి వినండి. నచ్చలేదంటే వాదించకండి. వారికి నచ్చినది మీరూ శ్రద్ధగా వినండి. పంచుకోవడమంటే ఇచ్చిపుచ్చుకోవడమే.