నెక్కొండ స్టేషను నేర్పిన పాఠము



మీలో ననేకులు హఫీజ్‌పేటలో ఎం.ఎం.టి.ఎస్. బండి నెక్కియుందురు. మన ప్రగతి నగరమునకు చేరువనున్న యా స్టేషను మీదుగా ఆ బండ్లు 2003వ సంవత్సరమున నడువనారంభించెను గాని, ఆ యినుపదారి మాత్రము మిక్కిలి పాతది. నైజాము రాజ్యములో వాడి నుండి సికింద్రాబాదు వఱకు 1874లో వేయబడిన మొదటి మార్గమే యది. పిమ్మట ఆ మార్గము తూర్పుగా సాగి 1886లో ఓరుగల్లునకును, 1889లో బెజవాడకును చేరినది. ఆ తూర్పు భాగమున, ఓరుగల్లు దాటిన పిదప, నెక్కొండ యను చిన్న స్టేషను కలదు. దానిని నిలుపుకొనుటకై అచటి ప్రజలు చేసిన పనిని మనమిప్పుడు విచారింతము.

మొదట, స్టేషను వలన ఊరికి కలుగు మేలేమి? అదే మార్గమున నెక్కొండ దాటిన పిదప నున్న డోర్నకలును చూడుడు. 1909లో అజరయ్యగారు భారతీయ మిషనరీ సంఘము పక్షమున అచట పనికి పూనుకొనిరి. 1912లో ఆయన బిషప్పుగా అభిషేకము పొందినప్పుడు డోర్నకలు పేరు దేశదేశముల క్రైస్తవులకు తెలియవచ్చెను. రైలుమార్గముల కూడలియైన యా యూరికి బోధకులును, పుస్తకములును, ఉత్తరములును సులభముగా వచ్చి చేరెను. స్టేషను గలయూరికి లోకము ఇరుగుపొరుగు వలె నుండును. బండి నిలువని యూరు పట్టాల ప్రక్కనే యున్నను దూరమే.

నర్సంపేట ప్రాంతమువారికి దగ్గరి స్టేషను నెక్కొండయే. పంట అమ్ముకొనవలసిన రైతును, వైద్యమునకు పట్టణము పోవలసిన రోగియు, చదువునకై పోవు పిల్లవాడును అచటికే రావలెను. సికింద్రాబాదు, తిరుపతుల నడుమ నడచు పద్మావతి ఎక్స్‌ప్రెస్సు అచట నిలుచుట ఆదాయము చాలనందున రద్దుచేయబడెను. ప్రజలు విన్నవించుకొనగా రైల్వేవారు దానిని తాత్కాలికముగా మరల నిలుపుచు, మూడు మాసములలో మూడు లక్షల రూపాయల ఆదాయము రావలెనని నియమము పెట్టిరి.

అంతట నచటివారు నెక్కొండ పట్టణ రైల్వే టిక్కెట్ ఫోరం అను పేర నొక వాట్సాప్ బృందముగా కూడుకొనిరి. దాదాపు 400 మంది అందు చేరిరి. చందాలుగా 25,000 రూపాయలు పోగుచేసిరి. 2024వ సంవత్సరారంభమున వారు చేసిన పని పత్రికలలో ప్రకటింపబడి అందఱికిని ఆశ్చర్యము గొలిపెను. వారు ప్రతిదినమును ఖమ్మమునకు, సికింద్రాబాదునకు, ఢిల్లీకిని టిక్కెట్లు కొనుచు, ప్రయాణము మాత్రము చేయక ఇండ్లకు మరలిపోవుచుండిరి!

ఇచట కొంత గణితము చేయుదము. మూడు లక్షలను 90 దినములకు పంచిన దినమునకు సుమారు 3,333 రూపాయలగును. అనగా పోగుచేసిన 25,000 రూపాయలే ఆధారమైనచో అవి ఏడున్నర దినములకు మాత్రమే సరిపోవును. కాని ఆ 400 మందియు భారమును సమానముగా మోసినచో, ఒక్కొక్కరికి దినమునకు ఎనిమిది రూపాయలకు కొంచెము పైన మాత్రమే పడును. ఒకసారి పెద్దగా నిచ్చు దానము కంటె పదిమంది ప్రతిదినమును చేయు స్వల్ప కార్యము బలమైనదని ఈ లెక్క చెప్పుచున్నది.

ఇట్టి ప్రయత్నము అచటనే కాదు, అన్యత్ర కూడ జరిగినది. రాజస్థానమందలి సీకరు జిల్లాలో రషీద్‌పురా ఖోరీ యను స్టేషను ఆదాయము లేక 2005లో మూయబడగా, గ్రామస్థులు పట్టువిడువక యత్నించి 2009లో దానిని తెఱపించుకొనిరి. టిక్కెట్లమ్ముటయు, ఆవరణమును శుభ్రముగా నుంచుటయు వారే చేసికొనిరి. వేల్సు దేశమున టాలిలిన్ అను చిన్న రైలుమార్గము 1951 నుండి స్వచ్ఛంద సేవకుల చేతులమీదుగా నడచుచున్నది. సేవకులు కాపాడిన రైలుమార్గములలో లోకమున మొదటిది అదియే.

ఇప్పుడొక ప్రశ్న పుట్టును. ప్రయాణింపని వాడు టిక్కెట్టు కొనుట వంచన కాదా? నెక్కొండవారు ధర పూర్తిగా చెల్లించిరి, దాచి చేయలేదు, స్వలాభమునకు చేయలేదు. కనుక అది మోసమని మేము తలంపము. అయినను, రాని ప్రయాణికుని లెక్కలోనికి చేర్చుట ఎల్లకాలము నడువదగిన పద్ధతి కాదు. మునుగుచున్న పడవనుండి నీరు తోడుట వంటిది అది. అవసరమే గాని, చిల్లు పూడ్చుట వేఱు. ఊరివారు నిజముగా ఆ బండిలో ప్రయాణించుటయే చిల్లు పూడ్చుట. తలాంతుల యుపమానమున, భూమిలో పాతిపెట్టబడిన తలాంతు దాసునికి దక్కలేదని మీరెఱుగుదురు. ప్రజల సొత్తును వాడుకొనక దాచినను, వాడుకొనియు వెల యియ్యకున్నను, అది చేజారిపోవును.

ఈ రెండవ మాట మనకే తగులును. అచట ప్రయాణింపని వారు టిక్కెట్లు కొనిరి. ఇచట ప్రయాణించువారిలో కొందఱు టిక్కెట్టు కొనరు. హఫీజ్‌పేటలో టిక్కెట్టు లేకుండ బండి నెక్కు విద్యార్థి, తాను మిగిల్చినది కొలది రూపాయలేనని తలంచును. నిజమునకు వాడు ఆ స్టేషను లెక్కనుండి ఒక ప్రయాణికుని తుడిచివేయుచున్నాడు. వేయిమంది అట్లు చేసినచో, కిక్కిరిసిన స్టేషను కూడ కాగితముపై నిర్జనమగును. బండ్లు తక్కువయ్యెనని పిదప మొఱపెట్టుకొన నేమి ప్రయోజనము?

స్టేషను గోడపై వ్రాయకుండుట, ప్లాట్‌ఫారముపై ఉమ్మకుండుట, త్రాగునీటి కొళాయిని కట్టివేయుట, వృద్ధులకు మెట్లపై చేయూతనిచ్చుట — ఇవన్నియు సేవయే. కాని టిక్కెట్టు కొనుట వాటికన్నిటికిని మొదటి మెట్టు. నెక్కొండవారు ఎక్కని బండికే వెల చెల్లించిరి. ఎక్కిన బండికైన మనము చెల్లింతముగాక!

అభ్యాసము

1. నెక్కొండవారికి మూడు మాసములకు బదులు ఆరు మాసముల గడువిచ్చియుండినచో, 400 మందిలో ఒక్కొక్కరికి దినమునకు ఎంత పడును?

2. ప్రయాణింపక టిక్కెట్టు కొనుట న్యాయమా? ఇరుపక్షముల వాదములను వ్రాసి, మీ యభిప్రాయమును తెలుపుడు.

3. మీ యింటికి దగ్గరనున్న స్టేషనునకు పోయి, అచట మీరు ప్రతివారమును తప్పక చేయగల యొక పనిని ఎంచుకొని వ్రాయుడు. చేయలేని దానిని వ్రాయకుడు.