మూలమలుపు డ్రైవరుకు ఏం చెబుతుంది?

బస్సు కుడి వైపు మలుపు తిరిగితే మనం ఎటు ఒరుగుతాం? ఎడమ వైపు ఒరుగుతాం. పక్కన కూర్చున్న ఆమె మీద పడతాం. ఎందుకు?

వడిసెలను గుర్తు చేసుకోండి. జొన్న చేనులో పిట్టలను కొట్టడానికి దాన్ని తిప్పుతారు. తాడు పట్టుకున్నంతసేపు రాయి గుండ్రంగా తిరుగుతుంది. ఒక కొస వదలగానే నేరుగా దూసుకుపోతుంది.

బస్సు కూడా అంతే. అది నేరుగా పోవాలనే చూస్తుంది. మలుపులో దాన్ని పట్టి ఉంచే తాడు ఏది? టైరుకూ రోడ్డుకూ ఉన్న పట్టు. ఇసుక, కంకర, వాన నీళ్లు ఉంటే ఆ పట్టు తగ్గుతుంది. వేగం ఎక్కువైతే పట్టు చాలదు. గంటకు 40 కిలోమీటర్లు పోయే బండి 80 పోయిందనుకోండి. బయటికి నెట్టే బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది.

డ్రైవరు ఎందుకు మోసపోతాడు?

డ్రైవరు రోడ్డును చూసి బండి నడుపుతాడు. మలుపులు వరుసగా వస్తుంటే నెమ్మదిగా పోతాడు. చాలా దూరం తిన్నగా ఉన్న రోడ్డు ఒక్కసారి మెలిక తిరిగితే మోసపోతాడు. అప్పటికే వేగానికి అలవాటు పడి ఉంటాడు. గట్టిగా బ్రేకు వేస్తే టైర్లు జారుతాయి. కాబట్టి ప్రతిసారీ "డ్రైవరు తప్పే" అని ఊరుకుంటే చాలదు. రోడ్డు కూడా సరిగ్గా ఉండాలి.

మంచి మలుపు ఎట్లా ఉంటుంది?

1. రోడ్డు బయటి అంచు లోపలి అంచు కన్నా ఎత్తుగా ఉంటుంది. మైదానంలో వెడల్పు మీటరుకు 7 సెంటీమీటర్ల దాకా ఎత్తు పెంచుతారు. అంటే సుమారు నాలుగు వేళ్ల వెడల్పు.
2. మలుపుకు ముందే ఎర్ర అంచు ఉన్న మూడు మూలల బోర్డు ఉంటుంది. అందులో వంగిన బాణం ఉంటుంది.
3. ఎదురుగా వచ్చే బండి కనబడాలి. చెట్లు, తుప్పలు అడ్డం ఉండవద్దు.
4. పక్కన లోయ ఉంటే గట్టి అడ్డుగోడ ఉండాలి.

కొండగట్టు నేర్పిన పాఠం

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడింది. బస్సులో 100 మందికి పైగా ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. వారిలో ఆడవాళ్లు, పిల్లలు ఎందరో ఉన్నారు. దిగుడు, మలుపు, మోయలేని బరువు ఒక్కచోట కలిస్తే ఎంత ప్రమాదమో ఆ రోజు తెలిసింది.

మనం ఏం చేయాలి?

మన వరంగల్ పల్లెల్లో పత్తికి, మిరపకాయ ఏరడానికి ఆటోల్లో కిక్కిరిసి పోతాం. ఆటోకు మూడే చక్రాలు. నిండా ఎక్కితే మలుపులో తొందరగా బోల్తా పడుతుంది. ఎక్కువ మందిని ఎక్కించవద్దని అందరం కలిసి అడుగుదాం. మలుపు దగ్గర నెమ్మదిగా పొమ్మని చెబుదాం. కూలి ఒక పూట ఆలస్యమైనా ఫరవాలేదు. ప్రాణం పోతే రాదు.

మీ ఊరి దగ్గర చెడ్డ మలుపు ఉందా? తుప్పలు కొట్టించమని, బోర్డు పెట్టించమని గ్రామ పంచాయతీకి అర్జీ రాయండి. పెద్ద రోడ్డయితే రోడ్లు భవనాల శాఖకు రాయండి. సంఘంలో అందరూ సంతకాలు పెట్టండి. నేర్చుకున్న అక్షరం ఇట్లా పనికొస్తుంది.

చెప్పండి, రాయండి

1. బస్సు ఎడమ వైపు తిరిగితే మనం ఎటు ఒరుగుతాం?
2. మలుపులో రోడ్డు ఏ అంచు ఎత్తుగా ఉండాలి?
3. మీ ఊరి మలుపు గురించి నాలుగు మాటల్లో అర్జీ రాయండి.