కోటి రూపాయల కారు మూడు కోట్లు ఎలా అవుతుంది?

సైన్సు చదువుకొనే కుర్రాడికి, అందులోనూ గూడెం కొత్తవీధి నుంచి వచ్చిన రైతు బిడ్డకు, విదేశీ స్పోర్ట్సు కారు గోల ఎందుకని మిత్రులకు అనిపించవచ్చు. నాకూ మొన్నటిదాకా అలాగే ఉండేది. మా ఇంట్లో రెండెకరాల కాఫీ, సిల్వరోక్ చెట్లకు పాకించిన మిరియాల పాదులు, కొంత పోడు తప్ప వేరే ఆస్తి లేదు. అయినా ఈ వ్యాసం రాయవలసి వచ్చింది. కారణం ముందు చెబుతాను.

మా మేనమామ కొడుకు, నాకు బావ, చింతపల్లి - లంబసింగి దారిలో జీపు తోలుతాడు. చలికాలం వచ్చిందంటే మంచు చూడడానికి జనం తండోపతండాలుగా వస్తారు. పోయిన ఏడాది ఆ జనంలో ఒక నారింజ రంగు స్పోర్ట్సు కారు వచ్చింది. అలాంటి కార్లకు నేలకూ అడుగు భాగానికీ మధ్య జాగా నాలుగైదు అంగుళాలే ఉంటుంది. కల్వర్టు దగ్గర గుంతలో కడుపు ఆని నిలిచిపోయింది. బావే తాడు కట్టి జీపుతో లాగాడు. ఆ రోజునుంచి వాడి మనసు ఆ కారు మీదనే.

కొన్నాళ్లకు ఎవడో ముఖం తెలియనివాడు బావ సెల్‌ఫోనుకు ఫొటోలు పంపాడు. "దుబాయి నుంచి వచ్చిన కారు, కస్టమ్స్ వాళ్లు పట్టుకొన్నారు, పన్నెండు లక్షలకే ఇప్పిస్తాను, ముందు అరవై వేలు కట్టు" అన్నాడు. నర్సీపట్నం, అనకాపల్లి పెళ్లిళ్లకు ఊరేగింపుకిస్తే ఏడాదిలో అప్పు తీరిపోతుందని బావ లెక్క. మామయ్య కాఫీ అమ్మిన డబ్బులోంచి అరవై వేలు వెళ్లాయి. ఆ తర్వాత ఆ ఫోను మోగలేదు. ఆ ఫొటోలు బావ నాకూ చూపించాడు. నేను "బాగుంది బావా" అన్నానే గాని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. సంక్రాంతికి ఇంటికెళితే మామయ్య ఒకే మాట అడిగాడు: "ఏటల్లుడూ, అంత సదువుతున్నావు, ఆ కారు కరీదెంతో లెక్క కట్టలేకపోనావా?"

ఆ లెక్కే ఇది. ఆలస్యంగానైనా కడుతున్నాను.

లెక్క ఎక్కడ మొదలవుతుంది?

విదేశంలో షోరూము ధర ఒక్కటే మనకు కనబడుతుంది. కస్టమ్స్ శాఖ లెక్క అక్కడ ఆగదు. కారు ధరకు ఓడ కిరాయి, బీమా కలిపి, మన రేవుకు చేరేసరికి అయిన మొత్తాన్ని తీసుకుంటుంది. దీన్నే సి.ఐ.ఎఫ్. విలువ అంటారు. 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 14వ సెక్షను ఈ విలువ కట్టే పద్ధతి చెబుతుంది. డాలరునో యూరోనో రూపాయల్లోకి మార్చడానికి కూడా బజారు రేటు పనికిరాదు. ప్రభుత్వం ప్రకటించిన మారకపు రేటే వాడాలి.

లెక్క తేలికగా ఉండడానికి కారు ధర 95 లక్షలు, కిరాయి, బీమా కలిపి 5 లక్షలు, మొత్తం సరిగ్గా కోటి రూపాయలు అనుకుందాం. అసలైన స్పోర్ట్సు కార్లలో ఇంతకు రెండు మూడు రెట్లు పలికేవి చాలా ఉన్నాయి. కాని కోటితో లెక్క కట్టితే శాతాలు వాటంతట అవే కనబడతాయి.

పన్ను మీద పన్ను

విదేశంలో పూర్తిగా తయారై, విలువ 40,000 డాలర్లు దాటిన కారు మీద 2025 ఫిబ్రవరి బడ్జెట్టుకు ముందు ప్రాథమిక కస్టమ్స్ సుంకం 100 శాతం, దాని మీద సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి 10 శాతం, వెరసి 110 శాతం ఉండేది. ఆ బడ్జెట్టులో సుంకం 70 శాతానికి దించారు. పత్రికల్లో "కార్ల సుంకం తగ్గింది" అని పెద్దక్షరాలు పడ్డాయి. ఐతే దాని పక్కనే 40 శాతం సెస్సు ఒకటి పెట్టారు. డెబ్బయ్యీ నలభయ్యీ కలిపితే మళ్లీ 110. పేరు మారింది, మొత్తం మారలేదు.

అంటే కోటి రూపాయల కారు మీద సుంకం 70 లక్షలు, సెస్సు 40 లక్షలు. కారు విలువ 2 కోట్ల 10 లక్షలకు చేరింది. ఇంకా రేవు దాటలేదు.

ఇప్పుడు జి.ఎస్.టి. వస్తుంది. ఇది కోటి మీద కాదు, సుంకమూ సెస్సూ కలిసిన 2 కోట్ల 10 లక్షల మీద వేస్తారు. ఇక్కడే మనలో చాలామంది పొరబడతాం. పన్నుల శాతాలన్నీ కూడి ఒకేసారి వెయ్యకూడదు. మనం లెక్కల క్లాసులో చదువుకొన్న చక్రవడ్డీ లాగా ఒక మెట్టు మీద ఇంకో మెట్టు లేస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లకు జి.ఎస్.టి. 40 శాతం. అంతకు ముందు 28 శాతం పన్ను, దానికి తోడు పెద్ద కార్లకు 20 శాతం పరిహార సెస్సు ఉండేవి. ఇప్పటి రేటుతో 2 కోట్ల 10 లక్షల మీద 84 లక్షలు అవుతుంది. మొత్తం 2 కోట్ల 94 లక్షలు.

సూత్రంగా రాస్తే 1 × 2.10 × 1.40 = 2.94. ఇంత చిన్న గుణకారం.

ఇక రోడ్డెక్కాలంటే రాష్ట్ర రవాణా శాఖకు లైఫ్ టాక్సు కట్టాలి. ఇంత ఖరీదు కారుకు మన రాష్ట్రంలో రేటు పది శాతానికి పైమాటే. పది శాతమే అనుకొన్నా ఇంకో 29 లక్షలు. ఆ పైన ఏటేటా బీమా, విడిభాగాలు, వాటి మీద మళ్లీ సుంకం. కోటి రూపాయల వస్తువుకు మూడు కోట్ల ఇరవై లక్షలు పైన పెడితే గాని తాళంచెవి చేతికి రాదు.

పాత కారు తెచ్చుకొంటే?

"కొత్తది కాకపోతే పాతది తెచ్చుకోవచ్చు గదా" అనే మాట హాస్టల్లో విన్నాను. అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లకూ ఈ ఆశ ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు తమ కారు ఓడలో వేసుకొని రావచ్చునని. నిబంధనలు చూస్తే ఆశ సగం చస్తుంది. పాత కారు తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగు కుడివైపు ఉండాలి, అమెరికా కార్లకు ఎడమవైపు ఉంటుంది. స్పీడోమీటరు మైళ్లలో కాక కిలోమీటర్లలో చూపాలి. హెడ్‌లైట్లు ఎడమచేతి వైపు నడిచే రోడ్లకు తగినట్లు ఉండాలి. లేకపోతే ఆ వెలుగు ఎదురుగా వచ్చేవాడి కళ్లలో కొడుతుంది. ఇది కాంతిశాస్త్రం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

పైగా పాతదానికి సుంకం తక్కువ కాదు, ఎక్కువ. 70 శాతం సుంకానికి 67.5 శాతం సెస్సు కలిసి 137.5 శాతం. కోటి విలువ కట్టిన పాత కారు జి.ఎస్.టి.తో కలిపి 3 కోట్ల 32 లక్షల 50 వేలు అవుతుంది. ఇతర దేశాల పాత సరుకు మన దేశం మీదకు దిగకుండా కట్టిన కట్ట ఇది.

సుంకం తప్పించుకొన్నవారు, తప్పనివారు

1971లోనో 1981లోనో ఐతే ఈ లెక్కకే అవకాశం లేదు. లైసెన్సు లేనిదే విదేశీ కారు దిగుమతి చేసుకొనే వీలు సామాన్యుడికి ఉండేది కాదు. 2001 ఏప్రిల్ నుంచి దిగుమతి పరిమితులు ఎత్తివేశారు. అప్పటినుంచి తలుపు తీసే ఉంది, గడప ఎత్తు మాత్రం సుంకమే.

ఆ గడప ఎంత ఎత్తో దేశమంతా చూసింది ఒకసారి. సచిన్ టెండూల్కర్ 2002లో 29వ టెస్టు సెంచరీ కొట్టి బ్రాడ్‌మన్ సరసన నిలిచాడు. ఆ సందర్భంగా ఫియట్ కంపెనీ ఆయనకు ఫెరారీ 360 మోడెనా కారు బహుమతిగా ఇచ్చింది. బహుమతి ఐనా సుంకం సుంకమే, కోటీ పదమూడు లక్షలు కట్టవలసి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం దాన్ని మాఫీ చేస్తే, సామాన్యుడికి లేని మాఫీ ఆయనకెందుకని గొడవ పుట్టి ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. చివరకు ఆ సుంకం కంపెనీయే కట్టింది. దేశం నెత్తిన పెట్టుకొన్న ఆటగాడికే ఎవరో ఒకరు సుంకం కట్టవలసి వచ్చినప్పుడు, ఫోనులో మాట్లాడినవాడు మా బావకు ఉత్తినే తప్పిస్తాడా?

తప్పించుకోవాలని చూసేవారు లేకపోలేదు. కారు ధర కాగితం మీద తగ్గించి చూపితే మూడు మెట్లూ ఒకేసారి తగ్గుతాయి. 2025 మేలో హైదరాబాదుకు చెందిన ఒక ఖరీదైన కార్ల వ్యాపారిని రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు అరెస్టు చేశారు. సుమారు 25 కోట్ల రూపాయల సుంకం ఎగవేశాడన్నది వారి అభియోగం. అలాంటి కారు కొన్నవాడికీ నిద్ర ఉండదు, ఎప్పుడైనా జప్తు కావచ్చు. జప్తు చేసిన వాహనాలను శాఖవారు అమ్మేది బహిరంగ వేలంలో, అంతేగాని ఫోనులో అడ్వాన్సు తీసుకొని కాదు.

ఇంత సుంకం ఎందుకు?

ఒక కారణం ఖజానా, ఇంకో కారణం మన ఫాక్టరీలు. పూర్తిగా తయారైన కారుకు సుంకం ఎక్కువ, విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగిస్తే చాలా తక్కువ. అందుకే విదేశీ కంపెనీలు ఇక్కడికి వచ్చి కట్టడం మొదలుపెట్టాయి. పెనుకొండ దగ్గర 2019లో ప్రారంభమైన కియా ఫాక్టరీ మన కళ్లెదుట ఉన్న ఉదాహరణ. ఫెరారీ, లాంబోర్గినీల వంటివి మాత్రం అమ్ముడయ్యేవి కొద్ది కనుక ఇటలీ నుంచే పూర్తి కార్లుగా వస్తాయి, పూర్తి సుంకం మోస్తాయి. 2025 జూలై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో ఒక కోటా మేరకు కార్ల సుంకం దశలవారీగా 10 శాతానికి దించే ఏర్పాటు ఉంది. సుంకమంతా కలిపి 10 శాతమే అనుకొని మన కోటి కారుకు లెక్క వేసినా జి.ఎస్.టి.తో కోటీ 54 లక్షలు. పన్నెండు లక్షలు ఏ లెక్కలోనూ రాదు.

ఇక నేను దాచి ఉంచిన మాట ఒకటుంది. సుంకం పక్కన చేర్చిన ఆ 40 శాతం సెస్సు పేరేమిటో తెలుసునా? వ్యవసాయ మౌలిక సదుపాయాల, అభివృద్ధి సెస్సు. 2021 బడ్జెట్టులో పుట్టింది. కోటి రూపాయల కారు ఒకటి రేవు దిగితే 40 లక్షలు రైతు పేరు మీద జమ అవుతుంది. మా ఇంట్లో మంచి ఏడాది ఎండబెట్టిన కాఫీ గింజ రెండు వందల యాభై కిలోలు వస్తుంది. కిలో నాలుగు వందలు వేసుకొంటే లక్ష రూపాయలు. ఒక్క కారు సెస్సు మా తోటకు నలభై ఏళ్ల పంట! సెస్సు గనుక అందులో రాష్ట్రాలకు వాటా పంచనక్కరలేదు, కేంద్రమే ఖర్చు పెడుతుంది. ఆ పేరు పెట్టినందుకు ఏజెన్సీలో గింజలు ఎండబోసే కళ్లం, పల్పింగు మిషను, వానాకాలం తెగిపోని రోడ్డు మా దాకా వస్తే ఆ స్పోర్ట్సు కారు ఎంత స్పీడుగా వెళ్లినా మాకు అభ్యంతరం లేదు.

మామయ్యకు జవాబు

ఈ లెక్కంతా ఒక కాగితం మీద వేసి మొన్న సెలవులకు మామయ్య దగ్గర కూర్చొని చదివాను. బావ తల వంచుకొని విన్నాడు. అరవై వేలంటే నూట యాభై కిలోల కాఫీ. అత్తా మామయ్యా చలిలో పండు పండుగా కోసినది. అది తిరిగి రాదు. పోలీసు స్టేషనులో కంప్లయింటు ఇచ్చాం. మామయ్య కాగితం మడిచి చూరులో పెట్టాడు. "ఇంకెవుడైనా ఫోను సేస్తే ఇది తీసి సూపిద్దారి" అన్నాడు.

నేను పట్నం వచ్చి మూడేళ్లు అవుతోంది. సమాకలనాలు, అవకలనాలు నేర్చుకొన్నాను. మా వాళ్లకు అవసరమైనది రెండు గుణకారాలు. అవి అడిగిన రోజున వేసి చెప్పలేకపోయాను. మన ఊళ్లలో మన చదువు మీద నమ్మకం పెట్టుకొన్నవాళ్లు ఉన్నారు. వాళ్లు ఫోనులో ఏదైనా చూపించినప్పుడు "బాగుంది" అనే ముందు ఒక కాగితం, ఒక పెన్సిలు తీయండని మిత్రులను కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.