రేటు చెప్పడానికి మొహమాటమెందుకు?

‘మనలో మనకి డబ్బులేటమ్మా?’ శ్రీకాకుళం జిల్లా కంచిలిలో పెళ్లిళ్లకు మేకప్ వేయడం మొదలుపెట్టే అమ్మాయికి ఎదురయ్యే మొదటి పరీక్ష ఇదే. ఐలైనర్ గీయడం సాధనతో చేతికొస్తుంది. మేనత్త ముందు రేటు చెప్పడానికే నోరు రాదు.

చెప్పండి. ఇది మీ వృత్తి. ఈ వృత్తిలో ఆడవాళ్లకు చోటు కోసం మేకప్ ఆర్టిస్టు చారు ఖురానా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. సినిమాల్లో ఆడవాళ్లు తలదువ్వే పని చేయొచ్చు గానీ మేకప్ ఆర్టిస్టులు కాకూడదన్నది ముంబయిలోని సినీ మేకప్ కళాకారుల సంఘం కట్టుబాటు. 2014 నవంబరులో కోర్టు దాన్ని తప్పుపట్టింది. మీకు సంఘం అడ్డులేదు, ఉన్నదల్లా మొహమాటం.

ఆ రేటులో ఏమేం కలిసున్నాయో వాట్సాప్‌లో రాసి పంపండి. చీర కట్టడం, జడ వేయడం అందులోనివేనా? పూలజడ ఎవరు తెస్తారు? పెళ్లికూతురి తల్లికి, చెల్లికి విడిగా ఎంత? ముహూర్తం అర్ధరాత్రయితే మిమ్మల్ని ఇంటికి చేర్చేదెవరు? ఈ చివరి ప్రశ్న అడగడానికి అస్సలు జంకొద్దు. అడ్వాన్సు అందాకే ఆ తేదీ వాళ్లది. దగ్గరివాళ్లకు తగ్గించాలనిపిస్తే ముందు అసలు రేటు చెప్పి, తర్వాత తగ్గించండి. ఎంత తగ్గించారో వాళ్లకూ తెలియాలి.

డబ్బు అడిగాక పని అందుకు తగ్గట్టుండాలి. జీలకర్ర బెల్లం పెట్టేది నడినెత్తిన. అక్కడ పఫ్ ఎత్తుగా లేపి పిన్నులు గుచ్చితే పీటల మీదే చెదిరిపోతుంది. హోమం పొగకు కళ్లు నీరు కారతాయి. ఉద్దానం ఉక్కపోత సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి వాటర్‌ప్రూఫ్ కాటుక, పలుచని బేస్, మధ్యలో అద్దడానికి టిష్యూలు. ఫౌండేషన్ రంగు దవడ దగ్గర రాసి పగటి వెలుతురులో చూడండి. ‘తెల్లగా కనపడాలి’ అని ఇంట్లోవాళ్లు పట్టుబడతారు. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు అయితే పేరు పోయేది మీదే. కొత్త ప్రొడక్టును కనీసం ముందురోజే చర్మం మీద కొద్దిగా రాసి చూడండి.

ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లుండవు. సీజన్లో వచ్చిందాంట్లో కొంత ఆ నెలలకు దాచుకోండి. ఖాళీ రోజుల్లో ఒడియా పెళ్లికూతురి అలంకారం నేర్చుకుంటే మంచిది. నుదుటిన చందనం చుక్కలు పెట్టడం వస్తే ఒడిశా సరిహద్దు అవతల నుంచీ పిలుపులొస్తాయి. సోంపేట పేరుతో ఉన్న రైల్వేస్టేషన్ కంచిలిలోనే ఉంది, బరంపురం రైలెక్కడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు.

అప్పుచేసి ఖరీదైన కిట్ కొనొద్దు. వచ్చిన అడ్వాన్సులతోనే ఒక్కో బ్రష్షూ కలుపుకోండి. చిన్న వ్యాపారంగా నమోదు చేయించుకోవాలంటే ఉద్యమ్ పోర్టల్ ఉంది. అక్కడ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు.