శూన్యంలో రేడియో పెడితే

సందేహం: "శనిగ్రహం శబ్దం" అని ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. ఈలలూ మూలుగులూ కలిసి ఒళ్లు జలదరించింది. గాలే లేనిచోట శబ్దం ఎలా పుట్టిందండీ?
– ఒక డిగ్రీ విద్యార్థిని, నంద్యాల

సమాధానం: పుట్టలేదమ్మా. కసీని నౌక తన మూడు పది మీటర్ల యాంటెన్నాలతో పట్టుకున్నవి రేడియో తరంగాలు. శని ధ్రువకాంతుల పైన, అయస్కాంత రేఖల వెంట దూసుకుపోయే ఎలక్ట్రాన్ల వల్ల అవి పుడతాయి. వాటిని యథాతథంగా స్పీకరుకిచ్చినా మన చెవికి అందవు, పౌనఃపున్యం అంత ఎక్కువ. అందుకని దాన్ని 44 రెట్లు తగ్గించి, 27 నిమిషాల రికార్డును 73 సెకన్లకు కుదించి వినిపించారు. ఆకాశవాణి వార్తలు మాత్రం మన ఇంటిదాకా మాటలుగా వస్తాయా? తరంగాలుగా వస్తే రేడియో పెట్టె మాటలు చేస్తుంది. శని దగ్గర వార్తలు చదివేవాళ్లు లేరు, అంతే తేడా.

సందేహం: నేలమీద అంతంత రేడియో టెలిస్కోపులుండగా నౌకకు యాంటెన్నా కట్టి పంపడం దేనికి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

సమాధానం: మాస్టారూ, రాత్రిళ్లు షార్ట్‌వేవ్‌లో దూరదేశాల స్టేషన్లు విన్నవారైతే జవాబు సగం మీకు తెలిసినట్టే. ఆ తరంగాలను నేలకు తిప్పి పంపిన అయనోస్ఫియరే, సుమారు 10 మెగాహెర్ట్జ్‌ల లోపు తరంగాలు బయటినుంచి వస్తే వాటినీ అటే తిప్పికొడుతుంది. ఆ పొర దాటితే తప్ప అవి దొరకవు. 1968లో నాసా పంపిన రేడియో ఆస్ట్రానమీ ఎక్స్‌ప్లోరర్‌కు పైకి వెళ్లాక భూమి గోలే అడ్డొచ్చింది. దాంతో 1973లో రెండోదాన్ని చంద్రుడి చుట్టూ తిప్పారు, చంద్రుడి చాటుకు వెళ్లినంతసేపైనా నెమ్మది ఉంటుందని.

సందేహం: సౌరపవనాల హద్దును వాయేజర్-1 దాటిందని ఎలా తెలిసింది? అక్కడ పొలిమేర రాయి ఉండదు కదా!
– పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: రాయి లేదు కాబట్టే ఏడాదికి పైగా వాదులాట నడిచింది. 2012 ఆగస్టు 25న సూర్యుడి వైపు నుంచి వచ్చే కణాలు హఠాత్తుగా పడిపోయాయి, కాని హద్దు దాటితే మారుతుందనుకున్న అయస్కాంత క్షేత్రం దిశ పెద్దగా మారలేదు. హద్దుకు అటూ ఇటూ తేడాగా ఉండే ప్లాస్మా (విద్యుదావేశ కణాల వాయువు) సాంద్రతను నేరుగా కొలిచే పరికరమేమో 1980లోనే మూగబోయింది. మిగిలింది రేడియో రిసీవర్. అయోవా విశ్వవిద్యాలయంలో డాన్ గర్నెట్ బృందం అప్పట్లో చూసుకునేది దాన్నే.

ఉయ్యాలను మెల్లగా తోసినా గట్టిగా తోసినా, ఒక ఊపుకు పట్టే సమయం తాడు పొడవును బట్టే ఉంటుంది. ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు చెదిరినప్పుడూ ఇలాగే ఊగుతాయి. ఇక్కడ తాడు పొడవుకు బదులు ఎలక్ట్రాన్ల సాంద్రత. ఊపు లెక్కిస్తే సాంద్రత తెలిసిపోతుంది. అయితే తోసే చెయ్యి కావాలి. 2012 మార్చిలో సూర్యుడిపై జరిగిన పేలుళ్ల తాకిడి ఏడాదికి పైగా ప్రయాణించి ఆ పని చేసింది. 2013 ఏప్రిల్ 9 నుంచి కొన్ని వారాలు 2.6 కిలోహెర్ట్జ్‌ల దగ్గర కంపనాలు నమోదయ్యాయి. (ఇది మన చెవికి అందే స్థాయే, కుదించనక్కర్లేదు.) లెక్కకడితే ఘనసెంటీమీటరుకు 0.08 ఎలక్ట్రాన్లు. అంటే రెండున్నర టీస్పూన్లంత చోటుకు ఒకటి. హద్దుకు ఇవతలైతే అర లీటరు సీసా అంత చోటుకు ఒకటి! బయటే నలభై రెట్లు చిక్కన. నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

పాత రికార్డులు తిరగేస్తే 2012 అక్టోబరు–నవంబరుల్లో 2.2 దగ్గర సన్నటి కంపనం ఒకటి బయటపడింది. నౌక సొంత కరెంటు సరఫరా 2.4 దగ్గర ఎప్పుడూ గీతలా మోగుతూనే ఉంటుంది. అదృష్టం చూడండి, ఒకటి దానికి కింద, ఒకటి పైన పడ్డాయి. ఆ రెండింటినీ కలిపి వెనక్కి లెక్కవేస్తే హద్దు దాటింది 2012 ఆగస్టులోనని తేలింది.